నరానికి దగ్గరగా జ్ఞానదంతం: మాక్సిల్లోఫేషియల్ సర్జన్‌ని ఎలా ఎంచుకోవాలి?

మీరు అడిగినవి రెండు. మీ కింది దవడలో జ్ఞానదంతం అడ్డంగా పడుకుని ఉందనీ, దాని వేరు నరానికి దగ్గరగా ఉంది కాబట్టి ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జన్‌కి, అంటే నోరు, దవడ, ముఖం సర్జరీలు చేసే డాక్టరుకి చూపించుకోమనీ మీ డెంటిస్ట్ చెప్పారు. వెతికితే ప్రతి క్లినిక్ బోర్డు మీదా స్పెషలిస్ట్ అనే ఉంది, ఎవరిని నమ్మాలి అన్నది మొదటిది. రెండోది చివర్లో ఒక్క వాక్యంలో రాశారు. మీ నాన్నగారికి బుగ్గ లోపల ఒక పుండు నెల రోజులుగా మానడం లేదు, నొప్పి లేదని ఆయన పట్టించుకోవడం లేదు, దాన్ని కూడా ఇదే డాక్టరుకి చూపించవచ్చా అని.

నేను చాలా ఏళ్లుగా ఈ విభాగంలోనే సర్జరీలు చేస్తున్నాను. ముందు రెండోదానికి జవాబు చెబుతాను. మీ జ్ఞానదంతం వాపూ జ్వరం లేనంతవరకూ కొన్ని వారాలు ఆగినా ఫర్వాలేదు. నాన్నగారి పుండు విషయంలో మాత్రం ఈ వారం దాటనివ్వకండి.

నోట్లో వచ్చే మామూలు పుండు 2 వారాల్లో మానిపోవాలి. విరిగిన పన్ను అంచు గుచ్చుకోవడమో, కట్టుడు పళ్లు రాసుకోవడమో కారణమైతే, ఆ అంచు నున్నగా చేసిన తర్వాత మరో 2 వారాల్లో తేడా కనిపించాలి. కనిపించకపోతే అది ఏమిటో కంటితో చూసి ఎవరూ తేల్చలేరు, బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో పరీక్షించడం, చేయాల్సిందే. నొప్పి లేకపోవడాన్ని ధైర్యంగా తీసుకోకండి. నోటి క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. నొప్పి మొదలయ్యే సరికి అది లోతుకి వెళ్లి ఉంటుంది. పుండు అంచులు చేతికి గట్టిగా తగలడం, చుట్టూ ఎర్రని లేదా తెల్లని మచ్చ, నోరు తెరుచుకోవడం రోజురోజుకీ తగ్గడం, మెడలో గడ్డ, ఏ కారణం లేకుండా ఒక పన్ను కదలడం, కింది పెదవి మొద్దుబారడం, వీటిలో ఏది ఉన్నా ఇంకా త్వరపడాలి. పొగాకు, వక్క నమిలే అలవాటు ఉన్నవారిలో ఎక్కువగా చూస్తాం. కానీ ఏ అలవాటూ లేనివారిలోనూ చూశాను కాబట్టి, నాన్నగారికి అలవాట్లు లేవని ఆగిపోకండి.

నేను పంపే బయాప్సీల్లో చాలావాటికి క్యాన్సర్ కాదనే రిపోర్టు వస్తుంది. ఆ మాట ఆయనకి చెప్పండి, టెన్షన్ కొంత తగ్గుతుంది. పని కూడా చిన్నదే. పుండు పక్కన మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. పుండు అంచు నుంచి, పక్కనున్న మంచి చర్మం కొంచెం కలిసొచ్చేలా, చిన్న ముక్క తీస్తారు. ఒకటో రెండో కుట్లు వేసి, ముక్కని ఫార్మలిన్ సీసాలో ల్యాబ్‌కి పంపుతారు. ఆయన అదే రోజు నడిచి ఇంటికి వస్తారు. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందని ఎవరో ఒకరు అంటారు. అది నిజం కాదు. ఆ భయంతో ఆయింట్‌మెంట్లు మారుస్తూ నెలలు గడిపేసి వచ్చినవారిని చూస్తుంటే నాకు ఇప్పటికీ చాలా బాధేస్తుంది. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, పుండునో తెల్లమచ్చనో లేజర్‌తో కాల్చేద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ముందు ముక్క ల్యాబ్‌కి వెళ్లాలి. కాల్చేశాక పరీక్షించడానికి ఏమీ మిగలదు.

దీన్ని మాక్సిల్లోఫేషియల్ సర్జన్‌కి చూపించవచ్చు. నోటి జబ్బులు చూసే ఓరల్ మెడిసిన్ వారికి, ఈఎన్‌టీ డాక్టరుకి, తల మెడ క్యాన్సర్ సర్జన్‌కి కూడా చూపించవచ్చు. వీరిలో ఎవరు త్వరగా దొరికితే వారి దగ్గరికే వెళ్లండి. ఒకవేళ రిపోర్టు మనం కోరుకున్నట్టు రాకపోతే, అప్పుడు మాత్రం సర్జన్, రేడియేషన్ డాక్టరు, మందులిచ్చే ఆంకాలజిస్టు ముగ్గురూ కలిసి కూర్చుని నిర్ణయించే ఆసుపత్రికే వెళ్లాలి.

ఇక మీ పన్ను సంగతి.

ముందుగా అర్హత, ఎందుకంటే ఇది ఇంట్లో కూర్చునే తేల్చుకోగల విషయం. దంతవైద్యంలో విభాగాలు చాలా ఉన్నాయి. రూట్ కెనాల్ చేసేవారు వేరు, చిగుళ్లు చూసేవారు వేరు, క్లిప్పులు వేసేవారు వేరు. భారతదేశంలో అయితే బీడీఎస్ అనే డెంటల్ డిగ్రీ తర్వాత 3 ఏళ్ల ఎండీఎస్ అనే పీజీ చేస్తారు, కానీ అందులో ఏ బ్రాంచి అన్నదే అసలు ప్రశ్న. పళ్లు సరిచేసే ఆర్థోడాంటిస్టు కూడా ఎండీఎస్సే. మీకు కావాల్సింది ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జరీలో ఎండీఎస్. అమెరికాలో డెంటల్ డిగ్రీ పూర్తయ్యాక 4 ఏళ్లు, ఎండీ (అక్కడ మెడికల్ డిగ్రీ) కూడా కలిపి చేస్తే 6 ఏళ్లు ఆసుపత్రిలో శిక్షణ ఉంటుంది. బ్రిటన్‌లో ఈ స్పెషాలిటీకి డెంటల్, మెడికల్ డిగ్రీలు రెండూ కావాలి. చాలా దేశాల్లో వైద్యుల లేదా డెంటిస్టుల రిజిస్టర్‌లో పేరు, అర్హత చూసుకోవచ్చు. వారాంతపు కోర్సు చేసి తెచ్చుకున్న సర్టిఫికెట్ గోడ మీద ఎంత పెద్దగా ఉన్నా ఈ శిక్షణకి సమానం కాదు.

అర్హత ఉంటే సగం పని అయినట్టే, కానీ సగమే. ఈ విభాగం చాలా విశాలమైనది. జ్ఞానదంతాలు, దవడ ఎముకలో తిత్తులు, యాక్సిడెంట్లలో విరిగిన దవడలు, గ్రహణమొర్రి, ముందుకో వెనక్కో పెరిగిన దవడని సరిచేసే సర్జరీ, దవడ కీలు, క్యాన్సర్, ఇవన్నీ దీని కిందికే వస్తాయి. అందరూ అన్నీ చదువుతారు, కానీ రోజూ చేసేది అందులో కొన్నే. జ్ఞానదంతాలు దాదాపు ప్రతి సర్జన్ చేతిలోంచీ వెళ్తుంటాయి కాబట్టి మీకు వెతుకులాట తేలిక. దవడ కీలు మార్పిడికో, గ్రహణమొర్రికో అయితే అదే పనిగా చేసే బృందాన్ని వెతకమని, దూరమైనా వెళ్లమని చెప్పేవాణ్ని. దవడని సరిచేసే సర్జరీ అయితే సర్జన్‌తో పాటు ఆర్థోడాంటిస్టు కూడా మొదటి రోజు నుంచే ప్లాన్‌లో ఉండాలి. సర్జరీకి ముందు సుమారు ఏడాది, ఏడాదిన్నర క్లిప్పులతో పళ్లని సిద్ధం చేయాల్సి రావడం మామూలే. ఆర్థోడాంటిస్టు ఊసే ఎత్తకుండా వచ్చే నెలలో దవడ కోసేద్దాం అంటే కారణం గట్టిగా అడగండి.

పేర్లు ఎక్కడ దొరుకుతాయి? నా ఉద్దేశంలో అన్నిటికంటే మంచి దారి మీ డెంటిస్టే. సర్జన్ చేతిలోంచి బయటికొచ్చిన నోళ్లని ఆ తర్వాత నెలలూ ఏళ్లూ చూసేది ఆయనే. అందుకే ఊరికే పేరు అడిగి ఊరుకోకండి. మీ ఇంట్లోవాళ్లకే ఇలాంటి పన్ను ఉంటే ఎవరి దగ్గరికి పంపుతారండీ అని అడగండి. ఆ సర్జన్ తీసిన కేసుల్లో ఇబ్బంది వచ్చినప్పుడు ఎలా చూసుకున్నారు అని కూడా అడగండి. డెంటల్ కాలేజీ ఆసుపత్రిలోని సర్జరీ విభాగం రెండో దారి. అక్కడ పీజీ విద్యార్థులు చేసినా పక్కన సీనియర్లు ఉంటారు, కేసుల సంఖ్యా ఎక్కువే. అక్కడ మీ పన్ను ఎవరు తీస్తారో, పక్కన ఎవరుంటారో అడిగే హక్కు మీకుంది. ఆన్‌లైన్ స్టార్లని బట్టి రిసెప్షన్ ఎలా ఉంటుందో, ఎంతసేపు కూర్చోబెడతారో తెలుస్తుంది. నరం దగ్గర ఆ చెయ్యి ఎంత నెమ్మదిగా కదులుతుందో తెలియదు. రివ్యూలు చదివితే, తర్వాత వాపు వచ్చింది, ఫోన్ చేశాను, రమ్మన్నారు అని రాసినవాటికి విలువ ఇవ్వండి.

ఇద్దరు ముగ్గురి పేర్లు చేతికొచ్చాక అసలు పరీక్ష మొదటి కన్సల్టేషన్‌లో జరుగుతుంది. అక్కడ ఏం చూడాలో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ భాగం మీకు ఎవరూ చెప్పరు.

మీ దగ్గర ఓపీజీ, అంటే దవడలు రెండూ కలిపి తీసిన పెద్ద ఎక్స్‌రే ఉండే ఉంటుంది. దాన్ని తెరమీద పెట్టి సర్జన్ మీవైపు తిప్పాలి. కింది దవడలో వెనక నుంచి ముందుకి రైలు పట్టాల్లా రెండు సన్నని తెల్లగీతలు కనిపిస్తాయి. ఆ రెండింటి మధ్య ఉన్న గొట్టంలోంచే కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చే నరం వెళ్తుంది. మీ జ్ఞానదంతం వేరు ఆ గీతల మీదుగా పోతుంటే మూడు గుర్తులు వెతుకుతాం. గొట్టాన్ని దాటే చోట వేరు నల్లబడినట్టు కనిపిస్తోందా, తెల్లగీత అక్కడ తెగిపోయిందా, గొట్టం దారి మళ్లి వంగిందా. వీటిలో ఏదైనా ఉంటే వేరు, నరం నిజంగానే ఆనుకుని ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు సీబీసీటీ, అంటే దవడని 3డీలో చూపే స్కాన్ అడగడం సబబే. ఓపీజీలో ఒకదాని మీద ఒకటి పడి కనిపించేవి, స్కాన్‌లో నరం వేరుకి నాలుకవైపు ఉందా బుగ్గవైపు ఉందా, మధ్యలో ఎముక పొర ఉందా లేదా అని విడివిడిగా తెలుస్తాయి. గుర్తులేవీ లేనప్పుడు ప్రతివారికీ స్కాన్ అవసరం లేదు.

ఇదంతా మీకు వేలు పెట్టి చూపించి చెప్పడానికి మంచి సర్జన్‌కి పెద్దగా సమయం పట్టదు. చూపించకుండా, ఏమీ కాదు, ఐదు నిమిషాల పని అనేవారి కంటే, ఇక్కడ ఇంత రిస్క్ ఉంది అని చెప్పేవారిని నమ్మండి. రిస్క్ చెబితే భయపెడుతున్నారని చాలామంది లేచి వచ్చేస్తారు. దయచేసి అలా చేయకండి. నరం ఒత్తుకుంటే ఆ పక్క కింది పెదవి, గడ్డం మొద్దుబారతాయి. పెదవి కదలిక పోదు, మూతి వంకర తిరగదు, స్పర్శ మాత్రమే తగ్గుతుంది. లోపలివైపు నాలుక నరం కూడా ఉంది, అది దెబ్బతింటే నాలుక సగం మొద్దుబారి రుచి తగ్గవచ్చు. ఎక్కువమందికి వారాల్లో, నెలల్లో తిరిగొస్తుంది. అన్ని కింది జ్ఞానదంతాలూ కలిపి చూస్తే శాశ్వతంగా ఉండిపోయేది నూటికి ఒకరి కంటే తక్కువే, కానీ వేరు నరాన్ని ఆనుకున్న కేసుల్లో అది ఎక్కువ. మీది ఏ కోవలోకి వస్తుందో ఆయన నోటితో చెప్పించుకోండి.

తర్వాత మీరు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: తీయకపోతే ఏమవుతుంది? ఏ ఇబ్బందీ పెట్టని, ఏ జబ్బూ లేని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్త పేరుతో తీయవద్దని బ్రిటన్‌లో ఏ వైద్యం ఎప్పుడు చేయాలో సూచించే నైస్ సంస్థ 2000లో మార్గదర్శకాలు ఇచ్చింది. చిగురు పదేపదే వాచి చీము పడుతుంటే, పక్క పన్ను వెనక పిప్పి మొదలైతే, చుట్టూ తిత్తి ఏర్పడితే తీయాలి. అడ్డంగా పడుకున్న పన్ను ముందున్న పన్నుకి తల ఆనించి ఉంటుంది కాబట్టి ఆ సందులో బ్రష్ వెళ్లదు. నొప్పి ఏమీ లేకుండానే మంచి పన్ను పాడవుతుంది. మీకు ఆ సందు ఎలా ఉందో చూపించమనండి. ఇంకో మధ్యేమార్గం కూడా ఉంది, కరోనెక్టమీ అంటారు. పన్ను తల భాగాన్ని కోసి తీసేసి, నరాన్ని ఆనుకున్న వేరుని అక్కడే వదిలేస్తారు. వేరుకి చీము పట్టినా, పన్ను కదులుతున్నా ఇది కుదరదు. వదిలిన వేరు కొన్నాళ్లకి పైకి జరిగి, అప్పుడు తీయాల్సి రావడమూ ఉంది, కానీ అప్పటికి అది నరానికి దూరం జరిగి ఉంటుంది. మీ కేసుకి ఇది పనికొస్తుందా అని అడగండి. పనికిరాదంటే ఎందుకో చెబుతారు. ఆ వివరణలోనే మీకు మనిషి అర్థమవుతారు. నాలుగు జ్ఞానదంతాలూ ఈరోజే తీసేద్దాం అని తొందరపెట్టే చోట మాత్రం సంతకం పెట్టకుండా లేచి వచ్చేయండి.

సర్జన్ మిమ్మల్ని ఏం అడుగుతున్నారో కూడా గమనించండి. మందుల గురించి అడగకుండా పన్ను తీసే తేదీ ఇచ్చేవారిని నేను ఒప్పుకోలేను. రక్తం పలచబడే మందులు వాడుతుంటే చెప్పాలి, వాటిని మీ అంతట మీరు ఆపకూడదు. చాలాసార్లు ఆపకుండానే, ఆ చోటే రక్తం ఆగేలా జాగ్రత్తలు తీసుకుని పన్ను తీస్తాం. షుగర్, గుండె కవాటాల సర్జరీ, మెడకో దవడకో గతంలో ఇచ్చిన రేడియేషన్, గర్భం, అలర్జీలు, అన్నీ చెప్పండి. అన్నిటికంటే ఎక్కువగా దాటిపోయేది ఎముకల మందు. ఎముకలు గుల్లబారినందుకు వారానికోసారి వేసుకునే అలెండ్రొనేట్ మాత్ర, ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రొనిక్ యాసిడ్, 6 నెలలకోసారి చేయించుకునే డెనోసుమాబ్ ఇంజెక్షన్. రోజూ వేసుకునేవి కావు కాబట్టి, మందులేమైనా వాడుతున్నారా అంటే పెద్దవాళ్లు ఏమీ లేవనే అంటారు. ఇవి వాడేవారిలో కొద్దిమందికి పన్ను తీసిన చోట ఎముక మానకుండా బయటికి కనిపిస్తూ ఉండిపోతుంది. క్యాన్సర్ కోసం పెద్ద మోతాదులో తీసుకున్నవారికి ఆ ప్రమాదం మరీ ఎక్కువ. అలాగని వీటిని కూడా సొంతంగా ఆపకూడదు. డెనోసుమాబ్ వాయిదా పడితే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని తేదీ చూస్తారు. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా పన్ను తీయించాల్సి వస్తే ఈ పేరా గుర్తుపెట్టుకోండి.

మత్తు గురించి పెద్ద చర్చ అక్కర్లేదు. ఒక జ్ఞానదంతానికి చాలావరకు ఇంజెక్షన్‌తో ఆ చోటు మొద్దుబార్చితే చాలు. నిద్రపుచ్చి చేస్తామంటే మాత్రం, పన్ను తీసే మనిషి కాకుండా మీ శ్వాస, ఆక్సిజన్ చూసుకోవడానికే ఎవరుంటారు అని అడగండి.

రెండో అభిప్రాయం తీసుకోవాలనిపిస్తే మొహమాటపడకండి, మాలో ఎవరూ ఏమీ అనుకోరు. ఫోన్‌తో తీసిన ఎక్స్‌రే ఫొటో పంపి అడగవద్దు. అందులో ఆ తెల్లగీతలే కనిపించవు. ఓపీజీ ఒరిజినల్ ఫైలు, స్కాన్ తీసి ఉంటే దాని డైకామ్ ఫైళ్లు (స్కాన్ అసలు కంప్యూటర్ ఫైళ్లు) ఇవ్వమని అడిగి తీసుకెళ్లండి. మళ్లీ స్కాన్ తీయించుకునే పని తప్పుతుంది.

తేదీ ఖాయం చేసుకునే ముందు, రాత్రి పూట ఇబ్బంది వస్తే ఏ నంబరుకి చేయాలి, ఎవరు ఎత్తుతారు అని కనుక్కోండి. వాపు రెండో మూడో రోజుకి బాగా పెరిగి ఆ తర్వాత తగ్గడం మొదలవుతుంది, అది మామూలే. తగ్గుతున్న నొప్పి మూడో రోజు తర్వాత మళ్లీ పెరిగి చెవిలోకి లాగుతుంటే డ్రై సాకెట్, అంటే పన్ను తీసిన గుంతలోని రక్తపు గడ్డ ఊడిపోవడం, అయి ఉండొచ్చు. వెళ్తే కడిగి మందు పెడతారు, గంటల్లో హాయిగా ఉంటుంది. సిగరెట్ తాగేవారికి ఇది ఎక్కువగా వస్తుంది. కానీ దవడ కింద వాపు గట్టిపడి రెండు వైపులకీ పాకినా, నాలుక పైకి లేచినట్టున్నా, ఉమ్ము మింగలేకపోయినా, గొంతు మారినా, ఊపిరి కష్టమైనా ఆ నంబరు కోసం వెతకవద్దు. పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి నేరుగా వెళ్లాలి. ఇది పన్ను తీసిన తర్వాతే కాదు, తీయకుండా వదిలేసిన చీము పన్నుతోనూ రావచ్చు. ఇంట్లో యాంటీబయాటిక్ వేసుకుని తెల్లారేదాకా చూడాల్సిన వాపు కాదది.

చివరగా పెదవి తిమ్మిరి సంగతి. మత్తు దిగాక, మర్నాటికి కూడా పెదవో గడ్డమో మొద్దుగానే ఉంటే, అదే పోతుందిలే అని వారం ఆగకుండా ఆ రోజే సర్జన్‌కి చెప్పండి. ఆయన దూదితో, సన్నని మొనతో తాకి ఎంతమేర స్పర్శ లేదో గీసి రాసుకోవాలి. తర్వాత వెళ్లిన ప్రతిసారీ దాంతో పోల్చి చూడాలి. ఆ హద్దు తగ్గుతూ వస్తుంటే, చీమలు పాకినట్టు జివ్వుమంటుంటే నరం కోలుకుంటోందని అర్థం. 3 నెలలైనా ఏ మార్పూ లేకపోతే, లేదా తాకితేనే మంట పుడుతుంటే, నరాలకి మైక్రోసర్జరీ చేసేవారికి పంపమని మీరే అడగండి. నరాన్ని సరిచేయడానికి మొదటి కొన్ని నెలల్లో ఉన్న అవకాశం ఏడాది తర్వాత ఉండదు.